మబ్బును చూసి గీయడం: ఒకటి, రెండు తరగతుల పిల్లలతో ఒక వానాకాలం

ఒకటో తరగతి పిల్లలకు కాగితం ఇచ్చి మబ్బు బొమ్మ వెయ్యమంటే దాదాపు అందరూ ఒకే బొమ్మ వేస్తారు. అడుగున ఒక గీత, పైన మూడు నాలుగు గుండ్రటి వంపులు, కింద ఐదారు చినుకులు, కాగితం మూలన సగం సూర్యుడు. ఆ పూట ఆకాశంలో అలాంటి మబ్బు ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. పుస్తకంలోంచి, గోడ మీది పెయింటింగులోంచి, ఫోన్లో వాతావరణం చూపించే గుర్తులోంచి ఆ బొమ్మ పిల్లల చేతికి వచ్చేసింది. మా బడిలో జూన్‌లో తరగతులు మొదలవగానే ఈ బొమ్మలు వేయించి, తేదీ రాసి ఒక ఫైల్లో దాచాను. అప్పటి నుంచి నవంబరు దాకా మేం చేసిన పని, దాంతో పిల్లల బొమ్మల్లో, మాటల్లో వచ్చిన మార్పు ఇక్కడ రాస్తున్నాను. చిన్న తరగతులకు చెప్పే టీచర్లకు పనికొస్తుందని నా నమ్మకం.

బడి, ఊరు, పిల్లలు

అనంతపురం జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల మాది. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో నా దగ్గరే కూర్చుంటాయి. ఊరి చుట్టూ మెట్ట పొలాలు, ఎక్కువగా శెనక్కాయ పంట. పడమటి కొండ మీద గాలిమరలు బడి ఆవరణలోంచి కనిపిస్తాయి. మాది పశ్చిమ కనుమల చాటున ఉన్న వర్షచ్ఛాయ ప్రాంతం. జూన్, జూలై నెలల్లో అరేబియా సముద్రం మీంచి వచ్చే గాలి తన నీటిని చాలావరకు కనుమల అవతలే కురిసేసి ఇటు వస్తుంది. గాలి జోరు మాత్రం తగ్గదు. మబ్బులు పడమర నుంచి తూర్పుకు పరుగెత్తుతూనే ఉంటాయి, వాన పడదు. మాకు వానలు ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. విత్తనం వెయ్యాలా, ఇంకో వారం ఆగాలా అనే టెన్షన్ ప్రతి ఇంట్లో ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళు రోజూ తలెత్తి చూస్తారు. ఆ మాటలు వింటూ పెరిగిన పిల్లలు వీళ్ళు.

మబ్బు అంటే ఏమిటని మొదటి వారంలో అడిగాను. దూది అన్నారు. వంట పొగంతా పైకి పోయి మోడం అవుతుందన్నారు (మా వైపు మబ్బును మోడం అంటారు). రెండు మోడాలు గుద్దుకుంటే వాన పడుతుందన్నారు. మనం నడిస్తే అదీ మన వెంట నడుస్తుందని ఒకటో తరగతిలో చాలామంది గట్టిగా చెప్పారు. మనం నడవడం వల్లే మబ్బులు కదులుతాయని, పొగలోంచి మబ్బులు పుడతాయని 1920ల్లో పిల్లల ఆలోచన తీరును పరిశోధించిన జీన్ పియాజేకి స్విట్జర్లాండ్ పిల్లలు చెప్పిన జవాబులూ ఇలాంటివే. ఆ వయసు పిల్లలు ప్రపంచాన్ని అర్థం చేసుకునే దారి అది. అందుకే ఏ జవాబునూ కొట్టెయ్యలేదు, అన్నీ చార్టు మీద రాసి గోడకు తగిలించాను. వివరణ తర్వాత, ముందు చూపు అని నిర్ణయించుకున్నాను. ఈ పని మొత్తానికీ ఆధారం ఆ నిర్ణయమే.

ఇంకో నిర్ణయం దూది గురించి. మబ్బుల పాఠం అనగానే నీలం కాగితం మీద దూది అంటించే యాక్టివిటీ చాలా బడుల్లో చేస్తారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది. కానీ మబ్బు దూదితో చేసిన వస్తువు అనే ఊహను మన చేత్తోనే గట్టిపరిచినట్టు అవుతుంది. పైగా ఆ పని చెయ్యడానికి ఒక్కసారి కూడా బయటికి వెళ్ళి చూడక్కర్లేదు. మా తరగతిలో దూది వాడలేదు.

ఎలా గీశాం

సామాను చాలా తక్కువ. నీలం చార్టును కోసిన ముక్కలు, తెల్ల చాక్‌పీసులు, బొగ్గు ముక్కలు, పాత నోటుపుస్తకాల అట్టలు. అట్ట మధ్యలో అరచేయంత కిటికీ కోసి పిల్లలకు ఇచ్చాను. ఆకాశం మొత్తాన్ని చూడమంటే ఆ వయసు పిల్లల చూపు ఎక్కడా నిలవదు. చెయ్యి చాపి అట్ట పట్టుకుని ఆ కిటికీలో కనబడిన ముక్కనే గియ్యమంటే నిలుస్తుంది.

నీలం కాగితం మీద చాక్‌పీసు ఎందుకంటే, తెల్ల కాగితం మీద తెల్ల మబ్బును చూపించాలంటే చుట్టూ గీత గియ్యక తప్పదు. గీత గీశాక ఇక పాత బొమ్మే వస్తుంది. నీలం మీద చాక్‌పీసును అడ్డంగా పట్టుకుని రుద్దితే గీత లేకుండానే మబ్బు వస్తుంది, అంచును వేలితో చెరపవచ్చు. "ఈ మబ్బు ఎక్కడ అయిపోయింది? గీత గీసినట్టు తెగిందా, ఆకాశంలో కలిసిపోయిందా?" అని అడిగితే పిల్లలు మళ్ళీ తలెత్తి చూసి, వచ్చి వేలు పెడతారు. మూడు నాలుగు వారాలకు కొందరి కాగితాల మీద ఒకే మబ్బుకి ఒక వైపు అంచు తెగినట్టు, రెండో వైపు కరిగినట్టు కనిపించసాగింది. నిజంగా ఆకాశంలో కూడా అలాగే ఉంది.

రోజూ ఒకే చోట, వేపచెట్టు నీడలో, సూర్యుడు వీపు వైపు ఉండేలా కూర్చునేవాళ్ళం. సూర్యుడి వైపు చూడకూడదన్నది మొదటి నియమం. ఉరుము వినబడితే ఆ క్షణమే చెట్టు కింద నుంచి లేచి గదిలోకి వెళ్ళాలన్నది రెండోది. చివరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా బయటికి రాకూడదు. మన జిల్లాల్లో పిడుగుపాటుకు పొలాల్లో, చెట్ల కింద మనుషులు చనిపోవడం ప్రతి ఏడూ వింటున్నాం. మబ్బుల పాఠం చెప్పే ఏ టీచరైనా ఈ నియమంతోనే మొదలుపెట్టాలి.

కాగితం వెనక నాలుగు సంగతులు రాయాలి: తేదీ, పొద్దుటి పూటా సాయంత్రమా, గాలి ఎటు నుంచి, ఆ రోజు వాన పడిందా లేదా. రాయడం రాని ఒకటో తరగతి వాళ్ళు గుర్తులు పెట్టేవాళ్ళు. ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కానిస్టేబుల్ 1821, 1822 సంవత్సరాల్లో లండన్ దగ్గరి హామ్‌స్టెడ్‌లో ఆకాశాన్ని వరసగా చిత్రించినప్పుడు చాలా బొమ్మల వెనక తేదీ, సమయం, గాలి వివరాలు రాసుకున్నాడు. అలా రాయడం వల్లే ఆ బొమ్మలు ఇప్పటికీ వాతావరణం తెలిసినవాళ్ళకు పనికొస్తున్నాయి. మా పిల్లల బొమ్మలు పనికొచ్చింది కూడా ఆ నాలుగు సంగతుల వల్లే.

మబ్బు ఎంత మేర కప్పిందో చెప్పడానికి కాగితం మడతలు వాడాం. సగానికి, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి మడిచి విప్పితే ఎనిమిది గళ్ళు. ఆకాశంలో మబ్బునంతా ఒక పక్కకు నెడితే ఎన్ని గళ్ళు నిండుతాయో అన్ని గళ్ళు రుద్దాలి. వాతావరణ కేంద్రాల్లోనూ ఆకాశాన్ని ఎనిమిది వంతులు చేసే లెక్క కడతారు, ఒక్కో వంతును ఆక్టా అంటారు. రెండో తరగతికి భిన్నాలు చెప్పడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు దొరకలేదు.

ఒక మాట బొమ్మలను మెచ్చుకోవడం గురించి. "బాగా వేశావు" అంటే పిల్లలు అదే బొమ్మను మర్నాడు మళ్ళీ వేస్తారు. "అడుగున నల్లగా రుద్దావు కదా, ఎక్కడ చూశావు, చూపించు" అంటే నన్ను బయటికి లాక్కెళ్తారు.

తిరగబడ్డ బాణం

ఆగస్టు నాటికి మబ్బులు ఎటు పోతున్నాయో బాణం గుర్తు వెయ్యడం అందరికీ అలవాటైంది. ఒక సాయంత్రం రెండో తరగతి పాప తెచ్చిన కాగితం మీద రెండు బాణాలున్నాయి. కింది మందపాటి మబ్బులకు వేపచెట్టు వైపు, అంటే తూర్పుకు. వాటి సందుల్లో సన్నగా గీసిన పీచులాంటి మబ్బులకు కొండ వైపు, అంటే పడమరకు. పక్కవాళ్ళు ఊరుకోలేదు. "తప్పేసింది మేడం, మోడం అట్ల పోదు" అన్నారు. ఆ పాప తగ్గలేదు. "పైది అట్లే పోతాంది మేడం. నేను చూసినా."

ఇక్కడ టీచరు తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది, కింది మబ్బులు వేగంగా ఒక వైపు పోతుంటే వాటి వెనక కదలకుండా ఉన్నది కూడా ఎదురు దిక్కుకు పరుగెత్తుతున్నట్టు కంటికి అనిపిస్తుంది. రాత్రిపూట చందమామ మబ్బుల్లో పరుగెత్తేది అందుకే. కాబట్టి పాప చూసింది కంటి భ్రమ కావచ్చు. రెండోది, ఆ బాణం నిజమే కావచ్చు. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద కింద పడమటి గాలి వీస్తుంటే, దాదాపు 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు గంటకు వంద కిలోమీటర్లు దాటే వేగంతో గాలి వీస్తుంది. దాన్నే ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. దాన్ని 1950ల్లో గుర్తించి వివరించిన వాళ్ళలో ముఖ్యుడు మన వాతావరణ శాఖ శాస్త్రవేత్త పంచేటి కోటేశ్వరం, తర్వాతి కాలంలో ఆ శాఖకు అధిపతి కూడా అయ్యాడు. అంత ఎత్తున ఉండే పీచు మబ్బులు, అంటే సిర్రస్ మబ్బులు, మంచు పలుకులతో ఏర్పడతాయి, ఆ గాలితోనే కదులుతాయి.

పాపదే నిజమా, భ్రమా అన్నది నేను చెప్పలేదు. చూసి తేల్చమన్నాను. జెండా కర్ర ఉందిగా. గోడకు తల ఆనించి, ఎండ వెనక్కి వచ్చేలా కూర్చుని, కర్ర కొనను సన్న మబ్బు అంచుతో కలిపి చూడాలి. కింది మబ్బు అడ్డం వస్తే ఆగాలి. సందు దొరకగానే మళ్ళీ చూడాలి. కర్ర కదలదు, తల కదలదు. కాసేపటికి సన్న మబ్బు అంచు కర్ర కొన నుంచి కొండ వైపు జరిగింది. పిల్లలు వంతులవారీగా కూర్చుని చూశారు, తర్వాత సన్న మబ్బులు కనబడ్డ ప్రతి పూటా మళ్ళీ చూశారు. జూన్‌లో "మోడం నా వెంటే వస్తాది" అన్న ఒకటో తరగతి వాళ్ళు కూడా ఈ వరసలో ఉన్నారు. నేను ఒక్క ముక్క చెప్పకుండానే, కర్ర దగ్గర కూర్చున్నవాళ్ళు "మనం కూచున్నా అది పోతాంది" అని వాళ్ళలో వాళ్ళే తేల్చుకున్నారు.

దిక్కు చూడడానికి ఆ తర్వాత అద్దం కూడా వాడాం. నేల మీద అద్దం పరిచి, చుట్టూ సుద్దతో నాలుగు దిక్కులు రాసి, అద్దంలో మబ్బు ఏ దిక్కున ప్రవేశించి ఏ దిక్కున బయటికి పోయిందో చూడడం. వాతావరణ పరిశీలకులు వాడే నెఫోస్కోప్ అనే పరికరం కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. అద్దంలో సూర్యుడు పడకుండా గోడ నీడలో పెట్టుకోవాలి. నవంబరులో కింది మబ్బులు తూర్పు, ఈశాన్య దిక్కుల నుంచి అద్దంలోకి రావడం మొదలైంది. అదే రోజుల్లో ఇంకొకరు కొండ మీది గాలిమరలు మొహం తిప్పుకున్నాయని కనిపెట్టారు. గాలిమర రెక్కలున్న వైపు గాలికి ఎదురు తిరుగుతుంది. ఈశాన్య రుతుపవనాలు అనే పేరు ఐదో తరగతి దాకా రానక్కర్లేదు. గాలి దిక్కు మారిందని మాత్రం ఏడేళ్ళ పిల్లలు తమ కాగితాల్లో చూపించగలిగారు.

ఆ పాప బాణాన్ని తప్పని దిద్ది ఉంటే తరగతి మొత్తం ఇక బాణాలన్నీ తూర్పుకే వేసేది. ఈ అనుభవంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పిల్లల బొమ్మ మనకు తెలిసినదానితో కలవకపోతే ఎర్ర పెన్ను తియ్యకుండా మళ్ళీ ఆకాశం దగ్గరికి తీసుకెళ్ళాలి.

"ఇంత మోడం పోతాంది, వాన ఎందుకు పడ్ల్యా?"

ఈ ప్రశ్న మా ఊళ్ళో అందరిదీ. పిల్లలు జూలైలోనే అడిగారు. జవాబు చెప్పడానికి సెప్టెంబరు దాకా ఆగాను, ఎందుకంటే అప్పటికి గానీ పోల్చుకోవడానికి వానపడిన రోజుల కాగితాలు చేతికి రావు.

దసరా సెలవుల ముందు కాగితాలన్నీ నేల మీద పరిచి, వెనక చూసి, వానపడిన రోజులవి ఒక కుప్ప, పడనివి ఒక కుప్ప చెయ్యమన్నాను. వాన లేని కుప్పలో మబ్బులు పొట్టిగా, తెల్లగా, విడివిడిగా ఉన్నాయి. వాన కుప్పలో బొగ్గు ఎక్కువ అరిగింది, మబ్బు కాగితం అడుగు నుంచి పై అంచు దాకా పోయింది. నల్లటి మబ్బు గీసినా వాన పడని కాగితాలు కొన్ని వచ్చాయి. వాటిని ఎటూ కలపకుండా మూడో కుప్పగా ఉంచాం. పక్క ఊళ్ళో పడిందేమోనని కొందరు, గాలికి పోయిందేమోనని కొందరు అన్నారు. రెండూ జరిగేవే.

వాళ్ళకు నేను చెప్పింది ఇంతే: మబ్బులో నీటి చుక్కలు ఉంటాయి, ఒక్కోటి విడిగా కంటికి కనబడనంత చిన్నవి. అవి కలిసి పెద్దవైతేనే కిందికి పడతాయి. పొట్టి మబ్బులో అవి అంత పెద్దవయ్యేలోపే మబ్బు పోతుంది. టీచర్ల కోసం లెక్క: మబ్బులోని చుక్క సుమారు 0.02 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉంటుంది, మంచి వాన చినుకు 2 మిల్లీమీటర్లు. అడ్డుకొలత వంద రెట్లయితే నీరు పది లక్షల రెట్లవుతుంది. అంటే ఒక్క చినుకుకు దాదాపు పది లక్షల మబ్బు చుక్కలు కలవాలి. సాయంత్రపు ఉరుముల మబ్బు, క్యుములోనింబస్, మన ప్రాంతంలో 15 కిలోమీటర్లు దాటి కూడా లేస్తుంది. అంత లోతులో చుక్కలు కలవడానికి చోటూ ఉంటుంది, వ్యవధీ ఉంటుంది.

నల్ల మబ్బు మురికిదా అని ఒకటో తరగతి అబ్బాయి అడిగాడు. తెల్ల కాగితం ఒకటి కిటికీకి ఆనించి పట్టుకున్నాం, వెలుతురు వచ్చింది. ఒకటి వెనక ఒకటి పేర్చుకుంటూ పోతే అవే తెల్ల కాగితాలు నల్లబడ్డాయి. మబ్బు మందంగా ఉంటే పైనుంచి వెలుతురు కిందికి దిగదు, అడుగు నల్లగా కనిపిస్తుంది. ఆ మర్నాటి నుంచి బొగ్గును మబ్బంతా పులమడం మానేసి అడుగునే రుద్దే పిల్లల సంఖ్య పెరిగింది.

గాజు సీసాలో వేడినీళ్ళు పోసి, మూత మీద ఐసు పెట్టి, అగరబత్తి పొగ వదిలి మబ్బు చేసే ప్రయోగం చాలామందికి తెలుసు. అది నాలుగు, ఐదు తరగతులకు చాలా మంచిది. చుక్క కట్టడానికి గాలిలో సన్నని రేణువులు కావాలని అది చూపిస్తుంది. కానీ పొగే మబ్బవుతుందని నమ్మే ఆరేళ్ళ పిల్లలకు పొగ చూపిస్తే ఆ నమ్మకం ఇంకా బలపడుతుంది. అందుకని ఐసు నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు బయట చెమట పట్టడం, చల్లటి అద్దం మీద నోటి ఆవిరి మసకగా కట్టడం చూపించాను. నీళ్ళు కనబడకుండా గాలిలో ఉంటాయి, చల్లబడితే కనబడతాయి. ఈ వయసుకు ఇది చాలు.

ఏం మారింది, ఏం మారలేదు

నవంబరులో మళ్ళీ తెల్ల కాగితం ఇచ్చి, బయటికి తీసుకెళ్ళకుండా, మబ్బు బొమ్మ వెయ్యమన్నాను. ఎక్కువమంది "ఏ మోడం మేడం?" అని అడిగారు. వాళ్ళు అంతకుముందే మబ్బులను మూడు రకాలు చేసుకుని పేర్లు పెట్టుకున్నారు: కుప్ప మబ్బు, దుప్పటి మబ్బు, పీచు మబ్బు. లండన్‌లో మందుల తయారీ వృత్తిగా ఉన్న ల్యూక్ హవార్డ్ 1802లో చెప్పిన క్యుములస్, స్ట్రాటస్, సిర్రస్ విభజన కూడా దాదాపు ఇదే. ఇప్పుడు ప్రపంచ వాతావరణ సంస్థ పది ప్రధాన రకాలుగా లెక్కిస్తుంది. ఆ పదీ ఈ తరగతికి అవసరం లేదు.

నాకు ఎంతో విలువైనదిగా తోచిన మార్పు ఒకటుంది. కుప్ప మబ్బులన్నిటి అడుగులూ ఒకే ఎత్తున, చదునుగా ఉంటాయని కొందరు గమనించి, కాగితం మీద వాటిని ఒకే వరుసలో నిలబెట్టారు. వేడెక్కిన గాలి పైకి లేస్తూ కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. ఆవిరి చుక్కలుగా మారే ఎత్తు ఆ చుట్టుపక్కలంతా ఇంచుమించు ఒకటే కాబట్టి అడుగులు అలా తెగుతాయి. దీన్ని నేను ఎవరికీ చెప్పలేదు, గీస్తూ గీస్తూ వాళ్ళే చూశారు.

మారనివీ ఉన్నాయి. మబ్బు ఎంత ఎత్తున ఉంటుందన్నది వాళ్ళ ఊహకు అందలేదు. కొండ కన్నా పైన, విమానం కన్నా కింద అనే దగ్గరే చాలామంది ఆగారు. రెండు మబ్బులు గుద్దుకుంటే వాన అనే మాట కూడా ఉరుము వినబడ్డప్పుడల్లా తిరిగి వస్తూనే ఉంది. గోడ మీది పాత చార్టు చూపించి "ఇప్పుడేమంటారు?" అని అడిగితే దూది అనే మాటను కొట్టెయ్యమన్నారు, గుద్దుకోవడం ఉంచమన్నారు. ఉంచాను. పై తరగతుల్లో దానికీ సమయం వస్తుంది.

ఇళ్ళల్లో ఏమైందో కూడా చెప్పాలి. అక్టోబరులో ఒక అబ్బాయి రాత్రి వేసిన బొమ్మ తెచ్చాడు, చందమామ చుట్టూ పెద్ద సున్నా. వరదగుడి కట్టింది, వాన రావచ్చని వాళ్ళ అవ్వ చూపించిందట. ఎత్తైన పల్చటి మబ్బు తెరలోని మంచు పలుకుల్లోంచి వెలుతురు వంగితే ఆ వలయం వస్తుంది, చంద్రుడి నుంచి దాని దూరం 22 డిగ్రీలు. చెయ్యి బారచాపి జాన పెడితే బొటనవేలి నుంచి చిటికెన వేలికి దాదాపు అంతే దూరం. అవ్వను కూడా జాన పెట్టి కొలిచి చూడమని చెప్పి పంపాను. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నప్పుడు ముందుగా ఇలాంటి తెర పరుచుకోవడం జరుగుతుంది. వలయం కనబడ్డ ప్రతిసారీ వాన వస్తుందని మాత్రం కాదు. ఆ అబ్బాయి కాగితం వెనక వాన పడిన గుర్తు పెట్టడానికి రెండు రోజులు ఎదురుచూశాడు. వాన రాలేదు, రాలేదనే రాశాడు.

మూడో తరగతికి వెళ్ళిన పిల్లలకు వచ్చే జూన్ నుంచి వానను కొలిచే పని ఇస్తాను. నిటారుగా ఉండే ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, గరాటులా తలకిందులుగా అందులోనే బోర్లించి, అడుగు ఎత్తుపల్లాలు మునిగేదాకా నీళ్ళు పోసి అక్కడ సున్నా గీత పెట్టి, పక్కన స్కేలు అంటించాలి. చెట్లకు, గోడలకు దూరంగా పెట్టాలి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు. కాగితం వెనక "వాన పడింది" అని రాసిన చోట ఇక ఆ అంకె కూడా రాస్తారు.